చందా కట్టినా ఇలస్ట్రేటర్ సైన్ ఇన్ కావడం లేదు: హోస్ట్స్ ఫైలు కారణమా?

ప్రశ్న:
పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న షాపు మాది. ఇటీవల సెకండ్ హ్యాండ్‌లో కొన్న విండోస్ 10 కంప్యూటర్‌లో, ఏడాది చందా కట్టి అడోబీ వారి డిజైన్ ప్రోగ్రామ్ ఇలస్ట్రేటర్ వేసుకున్నాను. బ్రౌజర్‌లో అడోబీ సైటు తెరుచుకుంటోంది, చందా చెల్లుబాటులోనే ఉన్నట్టు ఖాతాలో కనిపిస్తోంది. అయినా ప్రోగ్రామ్ తెరిస్తే మాత్రం ఇంటర్నెట్ లేదంటోంది. ఇదే వైఫైలో, ఇదే ఖాతాతో ల్యాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేదు. హోస్ట్స్ ఫైలు చూడమని ఒకరు చెప్పారు. దానికీ లైసెన్సుకూ సంబంధమేమిటి?

జవాబు 1:
సంబంధం ఉందండి. ఏదైనా సర్వర్ పేరుకు ఐపీ అడ్రసు కావలసి వస్తే, కంప్యూటర్ డీఎన్ఎస్‌ను (పేర్లకు అడ్రసులు చెప్పే ఇంటర్నెట్ సేవను) అడగడానికి ముందే హోస్ట్స్ ఫైలు చూస్తుంది. అక్కడ పేరు దొరికితే ఇక బయట అడగదు. మీకు ముందు ఆ కంప్యూటర్ వాడినవారు క్రాక్ చేసిన (లైసెన్సు లేకుండా నడిచేలా మార్చిన) పాత వెర్షన్ నడుపుకోవడానికి లైసెన్సు తనిఖీ సర్వర్ల పేర్లకు 127.0.0.1 అని రాసి ఉంటారు. అది కంప్యూటర్ తనను తాను సూచించుకునే అడ్రసు కాబట్టి ప్రోగ్రామ్ పంపే అభ్యర్థన గడప దాటదు. ఈ ఫైలులో ప్రతి పేరూ పూర్తిగా రాయాలి, డొమైన్ మొత్తానికి ఒకే వరుస చాలదు. ప్రధాన సైటు మీకు తెరుచుకోవడానికి కారణం అదే.

నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల మీదుగా వెళ్లి హోస్ట్స్ ఫైలు తెరిచి, అడోబీ పేరున్న వరుసల ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టండి, అప్పుడు విండోస్ ఆ వరుసలను వదిలేస్తుంది. సేవ్ చేసేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ చేరితే అది వేరే ఫైలవుతుంది, విండోస్ దాన్ని పట్టించుకోదు. సగం మంది తడబడేది ఇక్కడే.

జవాబు 2:
దయచేసి ఫైలు మొత్తం ఖాళీ చేయకండి. మా ఆఫీసులో ఆటోకాడ్ నెట్‌వర్క్ లైసెన్సు సర్వర్ పేరు ఆ ఫైలులోనే రాసి ఉండేది. రూటర్ మార్చాక సర్వర్ ఐపీ మారింది, రెండు కంప్యూటర్లలో పాత 192.168.1.10 అలాగే ఉండిపోయింది. లైసెన్సు సర్వర్ వాడే 27000 పోర్టు తెరిచి ఉందా లేదా అని ఒక పూటంతా వెతికాం. చివరకు సర్వర్ పేరుతో పింగ్ చేస్తే (అది బదులిస్తుందో లేదో చూసే కమాండ్) పాత అడ్రసు బయటపడింది.

ప్రశ్న అడిగినవారు:
ఫైలు తెరవగానే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన హ్యాష్ వరుసలే కనిపించి, ఏమీ లేదనుకున్నాను. కిందికి జరుపుతూ పోతే బోలెడు ఖాళీ వరుసల అడుగున పద్నాలుగు అడోబీ పేర్లు దాగి ఉన్నాయి. హ్యాష్ పెట్టి, డీఎన్ఎస్ క్యాష్ ఫ్లష్ చేసి (కంప్యూటర్ గుర్తుంచుకున్న పాత అడ్రసులు తుడిచేసి) ప్రోగ్రామ్ తెరిచాను, సైన్ ఇన్ అయింది.