కేర్‌టేకర్ల పాత రికార్డు ఎలా చూస్తున్నారు? ఆశ్రమాల సిబ్బందికి శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పండి

గుంటూరు_ట్రస్టు:
అందరికీ నమస్కారం. మా ట్రస్టు గుంటూరులో వృద్ధులకు, పెద్ద వయసు మానసిక దివ్యాంగులకు పగటి కేంద్రం నడుపుతోంది. ఇలాంటి పని చేసే చిన్న సంస్థలు చుట్టుపక్కల ఇంకొన్ని ఉన్నాయి. అందరి సిబ్బందికీ కలిపి ఒక శిక్షణ పెడదామనుకుంటున్నాం. పనిలోకి తీసుకునే ముందు మనిషి గురించి ఏం చూడాలి, తీసుకున్నాక మన దగ్గరున్నవాళ్లకు ఎవరి చేతిలోనూ హాని జరగకుండా ఏం చేయాలి అన్నది విషయం. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో వచ్చాక పిల్లల దగ్గర కాస్త భయం, జాగ్రత్త వచ్చాయి. పెద్దవాళ్ల దగ్గర మాత్రం ఇప్పటికీ ఆధార్ జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టడంతో సరి. మాటలు రాని 28 ఏళ్ల అబ్బాయికి రోజూ స్నానం చేయించే మనిషి ఎలాంటివాడో మనకు తెలియాలి కదా. మీ అనుభవాలు రాయండి. మనుషుల పేర్లు, సంస్థల పేర్లు వద్దు.

పటమట_హోమ్‌కేర్:
నేను ఇళ్లకు అటెండెంట్లను పంపే ఏజెన్సీ నడుపుతున్నాను. మేం చేసేది చెబుతాను.

ఆధార్ వల్ల తెలిసేది ఆ మనిషి ఎవరన్నదే. ఏం చేశాడన్నది తెలియదు. అందుకే పోలీసు వెరిఫికేషన్ అడుగుతాం. ఇందులో ఒక చిక్కుంది. మా దగ్గరికి శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. ఇక్కడ అద్దెకున్న గది పరిధిలోని స్టేషన్లో అడిగితే ‘కేసులేం లేవు’ అంటారు. అది నిజమే, కానీ ఆ మనిషి ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయిందని? సొంతూరి స్టేషన్ నుంచి కూడా రావాలి. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం, దాన్ని దీనికి అడగొద్దు.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు, సంవత్సరం కొట్టి కేసులు వెతకొచ్చు. కానీ ఒకే పేరుతో బోలెడుమంది ఉంటారు. తండ్రి పేరు, ఊరు కలిశాకే ఆలోచించాలి. కలిసినా ముందు ఆ మనిషినే పిలిచి అడగాలి. పొలం గట్టు తగాదాలో ఇరుక్కున్నవాడికీ, ముసలామెను కొట్టినవాడికీ చాలా తేడా ఉంది. కేసు ఉన్నంత మాత్రాన నేరం చేసినట్టూ కాదు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది పాత ఇంటివాళ్లకు ఫోన్ చేయడం. ఇచ్చిన నంబరు బావమరిదిదే కావచ్చు. అందుకని ‘మంచివాడేనా?’ అని అడగను. పేషెంట్‌కి ఏం జబ్బు, రాత్రి ఏ టైముకు పక్కకు తిప్పేవారు, అన్నం ఎవరు తినిపించేవారు అని అడుగుతాను. నిజంగా మంచం మీద మనిషి ఉన్న ఇంటివాళ్లు తడుముకోకుండా చెబుతారు.

బ్రాడీపేట_కోడలు:
ఏజెన్సీ అన్నయ్యగారూ, ఒక మాట అడగాలి. మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఒక అటెండెంట్‌ని పెట్టుకున్నాం. అత్తయ్యగారి చేతి మీద వేళ్ల గుర్తులు కనిపించాయి. 1వ తారీఖున ఇంటికొచ్చి ఇచ్చిన 4,000 పింఛనులో కొంత లేదు. పంపిన ఏజెన్సీకి (మీది కాదు) చెప్పాం. తెల్లారేసరికి మనిషిని మార్చి, ‘ఆమెను పంపించేశాం మేడమ్’ అన్నారు. కొన్నాళ్లకు ఆమె కొత్తపేటలో ఒక ఆసుపత్రి బయట ఇంకో పెద్దాయన వీల్‌చైర్ తోస్తూ కనిపించింది. ఆ కుటుంబానికి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. నాకు కోపం ఆ మనిషి మీద కంటే ‘పంపించేశాం’ అన్న ఆ మాట మీదే ఎక్కువ.

తెనాలి_నర్సు_యూకే:
అక్కా, మీరు చెప్పిన దానికోసమే ఇక్కడ ఒక చట్టం ఉంది. నేను ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడ నిస్సహాయుల దగ్గర పనికి డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి రికార్డు తెప్పిస్తారు. అలాంటి పనికి ఇక పనికిరారని తేల్చినవాళ్ల జాబితాలు రెండు ఉంటాయి. ఒకటి పిల్లల విషయంలో, ఇంకోటి పెద్దల విషయంలో. హాని చేసినందుకు ఒక మనిషిని తీసేస్తే సంస్థ డీబీఎస్‌కి తెలియజేసి తీరాలి. తీసేసే లోపు ఆ మనిషే రాజీనామా చేసి వెళ్లిపోయినా సరే చెప్పాల్సిందే. చెప్పకపోతే అది సంస్థ చేసిన నేరం.

ఇది ఊరికే రాలేదు. 2002లో సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలను అక్కడి స్కూలు కేర్‌టేకర్ చంపేశాడు. వాడి మీద అంతకుముందు వేరే ప్రాంతంలో వచ్చిన ఆరోపణలు ఉద్యోగం ఇచ్చినవాళ్లకు చేరలేదు. దాని మీద విచారణ జరిగి 2006లో చట్టం తెచ్చారు, 2012లో డీబీఎస్ పెట్టారు.

కానీ రికార్డులు చూస్తే చాలనుకోకండి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ఆసుపత్రిలో మానసిక ఎదుగుదల లోపమున్న పెద్దవాళ్లను సిబ్బంది హింసించిన సంగతి 2011లో బీబీసీ రహస్య కెమెరాతో బయటపెట్టింది. 11 మందికి శిక్షలు పడ్డాయి. అక్కడి నర్సు ఒకాయన అంతకుముందే ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోలేదు. రికార్డులు చూసే పద్ధతి ఉన్న దేశంలోనే అది జరిగింది.

గుంటూరు_ట్రస్టు:
మన దగ్గర అలాంటి జాబితా ఉందా?

గవర్నర్‌పేట_లాయరు:
సంస్థలు చూసుకోగలిగేది లేదు. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018లో వచ్చింది కానీ అది పోలీసులకే. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగుల మీద హింస జరుగుతోందని, జరగబోతోందని నమ్మకం కలిగినా ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి తెలపవచ్చు. అంటే మన దగ్గర తహసీల్దారు, ఆర్డీవో. తెలిసిన వెంటనే ఆయన దాన్ని ఆపే చర్యలు తీసుకోవాలి. 92వ సెక్షన్ చూడండి: తన సంరక్షణలో ఉన్న దివ్యాంగులకు కావాలని తిండి, నీళ్లు ఇవ్వకపోయినా 6 నెలల నుంచి 5 ఏళ్ల జైలు. ఈ ఒక్క ముక్క మీ శిక్షణలో చదివి వినిపించండి. డైపర్ మార్చే పని తగ్గుతుందని సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించేవాళ్లున్నారు. అది నేరమని వాళ్లకు తెలియదు.

ఇక ఏజెన్సీలు నోరు విప్పకపోవడానికి కారణం పరువు నష్టం కేసు భయం. అవతలివాళ్ల మేలు కోసం మంచి ఉద్దేశంతో చేసే హెచ్చరిక పరువు నష్టం కాదని, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 356వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ఐపీసీలోనూ ఉండేది. జరిగింది రాతలో ఉండాలి, అడిగినవాళ్లకే చెప్పాలి, పుకార్లు కలపకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి ‘ఈమె దొంగ’ అని తిప్పితే మాత్రం ఈ మినహాయింపు కాపాడదు.

అజిత్‌సింగ్‌నగర్_అమ్మాయి:
మా అమ్మ పదేళ్లకు పైగా ఆయా పని చేస్తోంది. ఒక ఇంట్లో గొలుసు కనపడలేదని అమ్మ మీద నింద వేశారు. ఏజెన్సీ అడగకుండానే తీసేసింది. తర్వాత ఆ గొలుసు వాళ్ల బీరువాలోనే దొరికింది. అయినా అమ్మను మళ్లీ పిలవలేదు. మీరంతా అనుకుంటున్నట్టు ‘చెప్పడం’ మొదలుపెడితే ఇలాంటివాళ్ల గతేంటి? అమ్మ మాట కూడా రాయాలి. ఇంకోటి, 24 గంటల డ్యూటీ అని పెట్టి రాత్రంతా నిద్ర లేకుండా చేస్తారు. చెయ్యి గట్టిగా పడటానికి అది కూడా కారణమే. వెరిఫికేషన్ మా వైపే కాదు, మమ్మల్ని పంపే ఇంటి గురించి కూడా చూడండి. మగవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఆడమనిషికి ఏమైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

గవర్నర్‌పేట_లాయరు:
చాలా సరైన మాటమ్మా. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపే 2013 నాటి చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏజెన్సీలు ఈ సంగతి చెప్పి పంపాలి. నింద విషయానికి వస్తే, ఇద్దరి మాటా రాసి, సంతకాలు తీసుకుని, తేలిన సంగతి కూడా అదే కాగితం మీద రాయాలి. తప్పు లేదని తేలితే అది కూడా ఉత్తరంగా ఇవ్వాలి.

కృష్ణలంక_ఫిజియో:
శిక్షణ గురించి నాది ఒకటే మనవి. ఇంగ్లీషు స్లైడ్లు వేయకండి. నేను వెళ్లిన ఒక కార్యక్రమంలో ఆయాలంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలూపారు, ఒక్క ప్రశ్న రాలేదు. టీ దగ్గర మాత్రం ఒకామె, ‘మా మేనేజరే పెద్దావిడ వేలిముద్ర వేయించుకుంటున్నాడు, ఎవరికి చెప్పాలి?’ అని అడిగింది. మేనేజర్లు లేని గదిలో సిబ్బందితో విడిగా మాట్లాడాలి. ఫిర్యాదు మేనేజరు మీదే అయితే ఎవరికి వెళ్లాలో పేరు, ఫోన్ నంబరుతో గోడ మీద రాసి ఉండాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 దాని పక్కనే పెట్టండి.

పెద్దవాళ్లను అడిగే పద్ధతి కూడా నేర్పాలి. కేర్‌టేకర్ పక్కనుండగా ‘బాగా చూస్తున్నారా?’ అంటే ‘నాకేం లోటు లేదు నాయనా’ అనే అంటారు. నేను వ్యాయామం చేయించేటప్పుడు తలుపు దగ్గరేసి అడుగుతాను. మాట రానివాళ్లయితే ఫలానా మనిషి గదిలోకి రాగానే బిగుసుకుపోతున్నారా, తిండి మానేశారా అని చూస్తాను.

పటమట_హోమ్‌కేర్:
బ్రాడీపేట అమ్మగారికి నా జవాబు బాకీ ఉంది. నిజమే, మా రంగంలో చాలామంది మనిషిని మార్చి ఊరుకుంటారు. లాయరుగారు చెప్పిన ఆ కాగితం నమూనా తెలుగులో ఇస్తే మా దగ్గర చేరేవాళ్లతో ముందే సంతకం తీసుకుంటాను: పాత చోట అడగడానికి ఒప్పుకుంటున్నాను, నా గురించి అడిగిన కొత్త చోటుకు రాతలో ఉన్నది చెప్పడానికీ ఒప్పుకుంటున్నాను అని. ఒప్పుకోనివాళ్లను పంపను.

గుంటూరు_ట్రస్టు:
నమూనా మేం రాసి లాయరుగారికి చూపిస్తాం. సిబ్బందికి, మేనేజర్లకు విడివిడిగా కూర్చోబెడతాం. అజిత్‌సింగ్‌నగర్ చెల్లీ, మీ అమ్మగారు వచ్చి మాట్లాడితే బాగుంటుంది. బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలి మేమిస్తాం. మిగతా సంస్థలకు కూడా అదే చెప్పాం: శిక్షణకు వచ్చిన రోజు డ్యూటీ కిందే రాయాలని.

అజిత్‌సింగ్‌నగర్_అమ్మాయి:
అమ్మకు నైట్ డ్యూటీ ఉంది, పొద్దున 8కి దిగుతుంది. మధ్యాహ్నం తర్వాత పెడితే తీసుకొస్తాను.