వాక్‌త్రూ చూసి పూర్తి చేస్తే పజిల్ ఆట ఆడినట్టేనా?

పలకబలపం:
మా పిన్ని కూతురు ఇంటర్ చదువుతోంది. నాకు ప్రాణమైన పజిల్ ఆట గొరొగోవా దాని చేతికిచ్చి ఆడమన్నాను. ముప్పావుగంటలో వచ్చి "అయిపోయింది అక్కా, ఇందులో ఏముంది?" అంది. చూస్తే పక్కన ఫోన్‌లో వాక్‌త్రూ వీడియో (ఆట మొదటి నుంచి చివరిదాకా ఎలా పూర్తి చేయాలో చూపించేది) పెట్టుకుని, అందులో ఎక్కడ నొక్కితే ఇక్కడా అక్కడే నొక్కుకుంటూ పోయింది. నాకు నిజంగా బాధేసింది.

ఆడనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. తెర మీద నాలుగు గళ్ళు. గడిలో ఉన్న బొమ్మ లోపలికి వెళ్ళొచ్చు, వెనక్కి రావచ్చు, గడిని పక్కకి జరపొచ్చు. కొన్నిసార్లు బొమ్మ పై పొరని ఒలిచి ఇంకో బొమ్మ మీద పెట్టొచ్చు. ఒక పిల్లాడు కిటికీలోంచి రంగురంగుల వింత జీవిని చూస్తాడు. దానికోసం ఐదు పళ్ళు వెతుకుతాడు. ఆట మొత్తంలో ఒక్క మాట ఉండదు. జేసన్ రాబర్ట్స్ ఆ బొమ్మలన్నీ తన చేత్తో గీశాడు. ఏళ్ళ తరబడి గీస్తే 2017 డిసెంబర్‌లో ఆట బయటికొచ్చింది. మరుసటి ఏడాది, తయారుచేసినవాళ్ళ తొలి ఆటకిచ్చే బ్రిటన్ వాళ్ళ బాఫ్టా అవార్డు దానికే దక్కింది. (విడుదల చేసిన అన్నపూర్ణ ఇంటరాక్టివ్ అమెరికా సంస్థ, మన అన్నపూర్ణ స్టూడియోస్ కాదు.) మామూలుగా ఆడితే రెండు గంటలు పడుతుంది.

క్షమించాలి, ఒక్క చిక్కు విప్పి చెప్పక తప్పట్లేదు. ఒకచోట లాంతరు ఉంటుంది, అందులో వెలుగుండదు. వేరే బొమ్మలో ఆకాశం, అందులో నక్షత్రం. లాంతరు పొరని తెచ్చి నక్షత్రం మీద పెడితే ఆ నక్షత్రమే దీపమైపోతుంది! ఇది నాకు తట్టిన రాత్రి ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా అరిచాను. మా చెల్లికి ఆ అరుపు లేకుండా పోయింది. రెండు గంటల ఆటలో ఇలాంటి క్షణాలు ఓ పాతిక ఉంటాయేమో. అవి తీసేస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే నా మాట: వీడియో చూసి పూర్తి చేసినవాళ్ళు ఆ ఆట ఆడనట్టే.

రాత్రిపాళీ:
నేను ఒప్పుకోను. నాకు డ్యూటీ అయ్యాక దొరికేది అరగంట. మూడో పండు దగ్గర నాలుగు రాత్రులు ఇరుక్కుపోయాను. వీడియో చూడకపోయుంటే అక్కడే వదిలేసేవాణ్ణి. అప్పుడు నేను పోగొట్టుకునేది ఏంటో చెప్పనా? ఆ పిల్లాడు పెద్దవాడవుతాడు, వాడి నగరం కూలిపోతుంది, మళ్ళీ లేస్తుంది, వాడు ముసలివాడవుతాడు. మీరు చిక్కుల గురించే చెప్పారు, ఆ జీవితం గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను ఆ చివరి భాగం చూసి కాసేపు కదల్లేకపోయాను. నేను ఆడలేదంటారా?

గోదారిగట్టు:
చెక్ దేశపు అమానితా డిజైన్ వాళ్ళ పజిల్ ఆట మెషినేరియమ్ (2009) గుర్తుచేసుకోండి. అందులో ప్రతి దృశ్యానికీ సమాధానం ఆటలోనే ఉంది. బొమ్మలతో గీసిన పుస్తకం, దానికి తాళం. తాళం తెరవాలంటే చిన్న ఆట ఒకటి గెలవాలి. అందులో మీరే తాళంచెవి, ఎగురుకుంటూ సాలెపురుగుల్ని కాల్చుకుంటూ కన్నం దాకా చేరాలి. సాయం కావాల్సిన ప్రతిసారీ మళ్ళీ అదే పని. బోరు కొడుతుంది, కాబట్టి "ఇంకోసారి నేనే చూద్దాం" అనిపిస్తుంది. ఇరుక్కోవడం సహజమని తయారుచేసినవాళ్ళకీ తెలుసు. కాకపోతే సాయం ఊరికే ఇవ్వలేదు. వీడియోతో చిక్కేంటంటే, దానికి తాళం లేదు. ఒక్క చిక్కు కోసం తెరుస్తాం, తర్వాతి మూడూ చూసేస్తాం.

వేపచెట్టు:
అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టకండి. అదే అమానితా స్థాపకుడు యాకుబ్ ద్వోర్‌స్కీ ప్రాగ్‌లో చదువుకునే రోజుల్లో 2003లో చేసిన సామొరొస్ట్ ఆటలో కొన్నిచోట్ల తర్కమే ఉండదు, కనిపించినదల్లా నొక్కాలి. అక్కడ సాయం చూస్తే పోయేదేమీ లేదు.

పలకబలపం:
వేపచెట్టు గారూ, నొక్కి చూడటమే అక్కడ ఆనందం కదండీ. ఏది నొక్కితే ఏం అవుతుందో తెలియకపోవడమే ఆ ఆట.

రాత్రిపాళీ గారూ, మీ మాట నాకు గుచ్చుకుంది. ఆ ముసలివాడి సంగతి నేను రాయకపోవడం తప్పే. మీరు ఆడనట్టు కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగు రాత్రులు తన్నుకున్నాక చూడటం వేరు, మొదటి గడి నుంచే చూడటం వేరు.

చిన్నప్పుడు అన్నాలయ్యాక మా అమ్మమ్మ ఆరుబయట మంచం మీద పొడుపు కథలు వేసేది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అడిగి ఊరుకునేది. గుడి తలుపులన్నాను, బీరువా అన్నాను, ఆమె తల అడ్డంగా ఊపేది. "ఓడిపోయాను" అని నోటితో అంటేనే విప్పేది. అనలేక నిద్రపోయాను. పొద్దున కళ్ళు తెరుస్తుంటే తట్టింది, కనురెప్పలని! ఎవరూ విప్పకుండానే తట్టిందని అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తాను. చెల్లికి ఇవ్వాలనుకున్నది అదే. రాత్రే విప్పేసి ఉంటే నాకు ఆ పొడుపు కథ ఇన్నేళ్ళు గుర్తుండేదా?

రాత్రిపాళీ:
ఓడిపోయానని చెప్పడానికి పక్కన అమ్మమ్మ ఉండాలి కదండీ. నేను ఊరు కాని ఊళ్ళో, అద్దె గదిలో, ఒంటిగంటకి ఒక్కణ్ణే ఆడతాను. నాకు ఆ వీడియోనే అమ్మమ్మ.

గోదారిగట్టు:
ఇది నేను ఆలోచించలేదు.

పలకబలపం:
నేనూ ఆలోచించలేదు. ఇకమీదట ఏ ఆటలో ఇరుక్కున్నా ఇక్కడ రాయండి, ఒంటిగంటకైనా సరే. సమాధానం చెప్పను. ఏ గడి వైపు చూడాలో మాత్రం చెబుతాను.