మానిటోబా నామినేషన్ వచ్చాక ఉద్యోగం మారితే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఇబ్బందా?

అందరికీ నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, ఇప్పుడు కెనడాలో, మానిటోబా ప్రావిన్స్‌లోని విన్నిపెగ్‌లో ఉంటున్నాం. ఇక్కడే చదివి, ఒక గిడ్డంగిలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఆ ఉద్యోగం మీదే స్కిల్డ్ వర్కర్ కింద ప్రావిన్స్ నామినేషన్, అంటే పీఆర్‌కి ప్రావిన్స్ సిఫార్సు, వచ్చింది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (ఫెడరల్ పాయింట్ల పద్ధతి) ద్వారా కాదు కాబట్టి నామినేషన్‌కి అక్కడ కలిపే 600 పాయింట్ల లెక్క నాకు వర్తించదు. ఫెడరల్ ప్రభుత్వానికి పీఆర్ దరఖాస్తు గత నెలే పంపాను. దరఖాస్తు అందిందన్న ఏఓఆర్ ఇంకా రాలేదు.

ఇంతలో మా యజమాని అందరి గంటలూ తగ్గించేశారు. వారానికి 40 ఉండేవి, ఇప్పుడు 22. ఫుల్‌టైమ్ అంటే కనీసం 30 గంటలు కదా, అదే టెన్షన్. వేరేచోట అదే హోదాలో, కొంచెం ఎక్కువ జీతానికే ఆఫర్ ఉంది, అదీ విన్నిపెగ్‌లోనే. మారితే ముందు ప్రావిన్స్‌కి చెప్పాలని తెలుసు. కానీ చెప్పాక నామినేషన్ వెనక్కి తీసుకుంటారా, కొత్త ఆఫర్ లెటర్ ఇస్తే సరిపోతుందా? ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉంటే ఏయే కాగితాలు ఇచ్చారో చెప్పండి.

ఇంకొకటి. నా పీజీడబ్ల్యూపీ (చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్) నవంబర్‌లో అయిపోతుంది. ఏఓఆర్ ఆలస్యమైతే పీఆర్ తేలేదాకా పనిచేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ పర్మిట్ అడగలేను. అప్పుడు ప్రావిన్స్ ఇచ్చే సపోర్ట్ లెటర్‌తో వర్క్ పర్మిట్ తీసుకోవడమే దారా? ఆ లెటర్ కొత్త యజమాని పేరు మీద ఇస్తారా?

అన్నట్టు, పాస్‌పోర్టులో నా ఇంటిపేరు గడి ఖాళీ. డిగ్రీ పట్టాలో మాత్రం ఇంటిపేరు ముందుంది. మనవాళ్లకి మామూలే అనుకోండి, అయినా అఫిడవిట్ జతచేశాను. దానిమీద ఎవరికైనా ప్రశ్నలు వచ్చాయా?

కన్సల్టెంట్‌ని అడిగితే “ఏం కాదులెండి” అంటున్నాడు. ఆ మాటకే భయమేస్తోంది.