లెడ్ జెప్పెలిన్ "తొలి కచేరీ 1968" క్లిప్పు: తేదీ నిజమేనా, శ్రుతి ఎందుకు దిగింది?

తీగలమారి:
"7 సెప్టెంబర్ 1968, గ్లాడ్‌సాక్స్, తొలి కచేరీ" అని పేరు పెట్టి బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ బ్లాక్ అండ్ వైట్ క్లిప్పు ఒకటి తిరుగుతోంది. నాలుగు పాటలు, అరగంట. కుర్రకారు బ్యాండ్ చుట్టూ నేలమీదే కూర్చుని ఉంటారు. తేదీ నమ్మొచ్చా? పైగా గిటార్‌తో సరిచూస్తే శ్రుతి అర స్వరం కన్నా కాస్త తక్కువగా కిందికి దిగి ఉంది. వాళ్లే అలా వాయించారా, కాపీలో తేడానా?

రీలుడబ్బా:
ఊరు కరెక్టే, తేదీ తప్పు. అది 17 మార్చి 1969న డెన్మార్క్ టీవీ వాళ్లు స్టూడియోలో తీసింది. 1968 కచేరీ జరిగింది స్కూలు హాల్లో, అప్పటికి ఇంకా గిటారిస్టు జిమ్మీ పేజ్ పాత బ్యాండ్ యార్డ్‌బర్డ్స్ పేరుతోనే. దాని గురించి చూడాలంటే యోర్గెన్ ఏంజెల్ తీసిన ఫొటోలు ఉన్నాయి. 2003 డీవీడీలో ఈ టీవీ క్లిప్పుకి కూడా గ్లాడ్‌సాక్స్ టీన్ క్లబ్ అనే వేశారు, ఇక కలిసిపోక ఏమవుతాయి!

గిటార్ చూసి ఈ రెండింటినీ విడదీయలేం. రెండు చోట్లా గిటారిస్టు జెఫ్ బెక్ ఇచ్చిన టెలికాస్టర్ గిటారే, పేజ్ తన చేత్తో డ్రాగన్ బొమ్మ వేసుకున్నది. కానీ జో వాల్ష్ అనే గిటారిస్టు దగ్గర్నుంచి లెస్ పాల్ గిటార్ వచ్చింది ఏప్రిల్ 1969లో. ఆ జూన్ 19న పారిస్‌లో తీసిన క్లిప్పులో అప్పుడే లెస్ పాల్ కనిపిస్తుంది.

యాభైహెర్ట్జ్:
శ్రుతి సంగతి. యూరప్ టీవీ సెకనుకి 25 ఫ్రేములు. దాన్ని ఎవరో 24కి సాగదీసి ఉంటారు. 4 శాతం నెమ్మదిస్తే శ్రుతి 0.7 స్వరార్ధం (అర స్వరంలో పదింట ఏడు వంతులు) దిగుతుంది, మీరు చెప్పింది సరిగ్గా అంతే. బొమ్మా శబ్దమూ కలిసే నెమ్మదిస్తాయి కాబట్టి కంటికి దొరకదు.

గిటార్ శ్రుతి కన్నా ఆంప్ హమ్ (ఆంప్లిఫైయర్ నుంచి వచ్చే కరెంటు గుర్రు) నమ్మకం. అక్కడి కరెంటు 50 హెర్ట్జ్, హమ్ దానికి రెట్టింపు, 100 దగ్గర ఉండాలి. పాటకీ పాటకీ మధ్య ఎవరూ వాయించని రెండు సెకన్లు ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకుని, ప్లాట్ స్పెక్ట్రమ్‌లో సైజు 65536 పెట్టండి. గీత 96 దగ్గర లేస్తే కాపీదే తప్పు. సరిచేయడానికి "ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్"లో 4.167 శాతం పెంచాలి. "ఛేంజ్ టెంపో" వాడితే శ్రుతి అక్కడే ఉండిపోతుంది. వీడియోనూ అంతే వేగం చేయాలి, లేకపోతే నిమిషానికి 2.4 సెకన్లు జారుతుంది.

రీలుడబ్బా:
ఒక మెలిక: వీహెచ్‌ఎస్ టేపు మీదుగా వచ్చిన కాపీ అయితే ఆ టేపు డెక్కుల హమ్ కూడా ఎక్కుతుంది. 96, 100 రెండూ కనిపిస్తే 96నే లెక్కలోకి తీసుకోండి.

ఇదే వైద్యం 9 జనవరి 1970 ఆల్బర్ట్ హాల్ ఫుటేజీకి చేయకండి. అక్కడ శబ్దం వేరే మల్టీట్రాక్ టేపు మీద, బొమ్మ పీటర్ వైట్‌హెడ్, స్టాన్లీ డార్ఫ్‌మన్ చేత్తో పట్టుకు తీసిన 16 ఎంఎం ఫిల్ము మీద ఉన్నాయి. 100 అడుగుల రీలు రెండు నిమిషాల ముప్పావులో అయిపోతుంది, 400 అడుగులది 11 నిమిషాల్లో. "డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్" ఒక్కటే పావుగంట! రీలు మార్చేలోపు టేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ ఖాళీని వేరే షాట్‌తో పూడ్చాల్సిందే. అందుకని చేతులకీ శబ్దానికీ పొత్తు ఒక్క షాట్‌లోనే కుదరకపోతే అది ఎడిటింగు. మొదట్లో కుదిరి, పోనుపోను జారుతుంటేనే స్పీడు తేడా.