యూఎస్ఎస్ హాలండ్ మోడల్ తోక మార్చాలి, ఎవరైనా చేసినవాళ్లున్నారా?

అమెరికా నేవీ అధికారికంగా సర్వీసులోకి తీసుకున్న మొదటి సబ్‌మెరీన్ హాలండ్ మోడల్ 1/72 స్కేల్‌లో చేస్తున్నానండి. అసలుదే 16.4 మీటర్లు కాబట్టి మోడల్ జానెడు పొడవు వస్తుంది, వైజాగ్ బీచ్‌లో ఉన్న 91 మీటర్ల కురుసుర ముందు ఇది చేపపిల్ల.

చిక్కు తోక దగ్గర. 1897లో నీళ్లలోకి దింపినప్పుడు చుక్కాని ప్రొపెల్లర్‌కి ముందు ఉండేది, పడవ సరిగ్గా తిరగట్లేదని తర్వాత ప్రొపెల్లర్ వెనక్కి మార్చారు, వెనకవైపు డైనమైట్ గన్ (గాలి ఒత్తిడితో పేలుడు గుండ్లు విసిరే ఫిరంగి) కూడా తీసేశారు. నాకు కావాల్సింది 1900 అక్టోబరులో నేవీలో చేరినప్పటి రూపం, కిట్‌లో ఇచ్చిందేమో పాతది. తోక కోసేసి అర మిల్లీమీటర్ ప్లాస్టిక్ షీట్‌తో కొత్త చుక్కాని పెడదామని ఉంది, కానీ ఇంత చిన్న ముక్క అంచు మీద అతికిస్తే చెయ్యి తగలగానే ఊడొస్తుందేమో అని టెన్షన్. ఇత్తడి రేకు, లోపల పిన్ను పెట్టడం మేలా? సూపర్ గ్లూ సరిపోతుందా?

ఇంకొకటి, రంగు. ఫొటోలన్నీ బ్లాక్ అండ్ వైటే, డ్రైడాక్ (నీళ్లు తోడేసి ఓడల్ని బాగుచేసే చోటు) ఫొటోలో కింది భాగం ముదురుగా కనిపిస్తోంది గానీ అది ఎరుపో నలుపో ఎలా తేల్చాలి? పాత పెయింటింగ్‌లను నేను పెద్దగా నమ్మను. ఆ కాలం నేవీ రంగుల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.