ఇత్తడి కేసు లేని తూటా ఎల్‌ఎంజీకి ఎందుకు కుదరలేదు?

చరిత్ర_పాఠకుడు:
ఎల్‌ఎంజీల (తేలికపాటి మెషీన్ గన్ల) గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. 7.62 నాటో తూటా మొత్తం బరువు సుమారు 24 గ్రాములు. అందులో బయటికి వెళ్లే బుల్లెట్ 9.5 గ్రాములే, సగానికి దగ్గరగా పేలుడు మందును పట్టి ఉంచే ఇత్తడి గొట్టమే, అంటే కేసే ఉంటుంది. జర్మనీలో జీ11 రైఫిల్ కోసం ఆ మందునే దిమ్మలా అచ్చుపోసి, కేసు లేని 4.73 ఎంఎం తూటాలు తయారు చేశారు. ఇంత బరువు తగ్గుతుంటే ఆ పద్ధతి ఎందుకు నిలబడలేదు? అలాగే తూటాల పెట్టె తగిలించే మ్యాగజైన్ గన్ మేలా, తూటాల దండ ఎక్కించే బెల్ట్ గన్ మేలా? వాడినవాళ్లు చెప్పండి.

పాత_నంబర్‌టూ:
తమ్ముడూ, నేను 7.62 ఎల్‌ఎంజీకి నంబర్ టూగా పనిచేశాను. గన్ మోసేది, కాల్చేది నంబర్ వన్. మ్యాగజైన్లు మోసేది, మార్చేది నేను. మాది బ్రెన్ అనే పాత బ్రిటిష్ ఎల్‌ఎంజీ వంశపు గన్. మ్యాగజైన్ పైన ఉంటుంది, ఖాళీ కేసులు కిందికి రాలతాయి. ఒకసారి రేంజ్‌లో వరసగా నాలుగు మ్యాగజైన్లు అయ్యాక చూసుకోకుండా ఆ కేసుల మీద మోచెయ్యి ఆనించాను. బొబ్బలు లేచాయి. ఇత్తడి ఎందుకుందో నాకు ఆ రోజే అర్థమైంది. చాంబర్‌లో, అంటే తూటా కూర్చుని పేలే గదిలో మిగిలిపోవాల్సిన వేడిని కొంత తనతో బయటికి తీసుకుపోతుంది.

కేసు లేకపోతే ఆ వేడంతా చాంబర్‌లోనే ఉండిపోతుంది. తర్వాతి తూటా మందు నేరుగా ఆ కాలిన గోడకే తగులుతుంది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతుంది. జీ11 తొలి తూటాలకు వచ్చిన జబ్బు ఇదే. తర్వాత మరింత ఎక్కువ వేడికి గానీ అంటుకోని మందు తయారు చేసి చాలావరకు సరిచేశారు. కానీ అది రైఫిల్. ఎల్‌ఎంజీ ఊపిరి తీసుకోకుండా కాల్చాలి. అందుకే చాలా ఎల్‌ఎంజీల్లో కాల్పులు ఆపగానే బోల్ట్ (తూటాను చాంబర్‌లోకి నెట్టి మూసే భాగం) వెనకే ఆగుతుంది, చాంబర్ ఖాళీగా చల్లారుతుంది. ఇంకో సంగతి: పేలినప్పుడు ఇత్తడి వ్యాకోచించి గ్యాస్ వెనక్కి రాకుండా మూస్తుంది. అది లేకపోతే ఆ పని గన్నే చేయాలి.

ఇక మ్యాగజైన్ సంగతి. పైన ఉండటం వల్ల గన్ నేలకు బాగా దగ్గరగా పెట్టుకోవచ్చు, నేను పక్కన పడుకునే మార్చేవాణ్ణి. నాకు ఆ గన్ అంటే ఇప్పటికీ ప్రాణం. కానీ 30 తూటాలే. మ్యాగజైన్ అంచు కొంచెం వంగినా తూటా అడ్డం పడేది. ఒక ఎక్సర్‌సైజ్‌లో సరిగ్గా ముందుకు ఉరకాల్సిన క్షణంలో అలా జరిగింది, ఎంత టెన్షన్ పడ్డామో! బెల్ట్‌కి ఆగే పని లేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బెల్ట్ గన్ ఎంజీ42 నిమిషానికి 1200 లెక్కన కాల్చేది. 50 తూటాల బెల్ట్ రెండున్నర సెకన్లకే అయిపోతుంది. అన్ని తూటాలు మోసేదెవరు? ముందుకు కదిలే జట్టుకు మ్యాగజైన్ గన్, ఒకచోట కాపు కాసే జట్టుకు బెల్ట్ గన్. నా అభిప్రాయం ఇది.

గన్_ఫిట్టర్:
గన్, తూటాల బరువు తగ్గించాలని అమెరికావాళ్లు 2004లో ఎల్‌శాట్ అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. అన్న చెప్పిన వేడి సమస్య వాళ్లకూ ఎదురైంది. కేసు లేని తూటాతో పాటు ఇంకో రకం కూడా ప్రయత్నించారు. ప్లాస్టిక్ గొట్టంలో బుల్లెట్ పూర్తిగా లోపలికి దిగి ఉంటుంది, చుట్టూ మందు. బరువు దాదాపు 40 శాతం తగ్గింది. చాంబర్‌ని బ్యారెల్ నుంచి విడదీసి పక్కకు జరిగేలా చేశారు, అందువల్ల బ్యారెల్ వేడి తూటాకు అంతగా చేరదు. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది. అయినా 2022లో వాళ్ల సైన్యం ఎంచుకున్నది వేరే: అడుగున స్టీలు, పైన ఇత్తడి ఉన్న 6.8 ఎంఎం తూటా. 80,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి తట్టుకోవాలని స్టీలు పెట్టారు.

పాత_నంబర్‌టూ:
దాని దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ అమెరికా రైఫిల్‌మ్యాన్ దగ్గర 30 తూటాల మ్యాగజైన్లు ఏడు ఉండేచోట ఇప్పుడు 20వి ఏడు. అంటే 210 బదులు 140. ఎల్‌ఎంజీ తూటాలు అయిపోతే జట్టులో మిగతావాళ్ల దగ్గర తీసుకునేవాళ్లం. అక్కడే 70 తగ్గిపోతే నంబర్ టూ ఎవరిని అడగాలి?