బ్యాటరీ కారుకు లైట్లు, హారన్: రెండు బ్యాటరీల నుంచి తీయాలా, రెడ్యూసర్ పెట్టాలా?

తిరుచానూరు మండపం
అందరికీ నమస్కారం. తిరుచానూరు రోడ్డులో మాకు చిన్న కల్యాణ మండపం ఉంది. గేటు నుంచి హాలు దాకా పెద్దవాళ్లను తీసుకురావడానికి సెకండ్ హ్యాండ్‌లో గోల్ఫ్ కార్ట్ ఒకటి కొన్నాం. సీటు కింద ఎనిమిది 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి, మొత్తం 48. లైట్లు లేవు. రెండు హెడ్‌లైట్లు, హారన్, మొబైల్ చార్జర్, సన్నాయి పెట్టడానికి చిన్న స్పీకర్ కావాలి. అన్నీ 12 వోల్టులవే. మా మెకానిక్ పక్కపక్కనున్న రెండు బ్యాటరీల నుంచి 12 లాగేద్దాం, వైరు ఖర్చే అంటాడు. షాపులో మాత్రం 48ని 12కు తగ్గించే డబ్బా, అదే వోల్టేజ్ రెడ్యూసర్, లేకుండా చేయొద్దన్నారు. వైశాఖం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. ఏం చేయమంటారు?

కరెంట్ లెక్కలు
రెడ్యూసరే. ఇంకో ఆలోచన వద్దు. బ్యాటరీ చార్జర్ పెడితే ఎనిమిదింటిలోకీ ఒకే కరెంటు వెళ్తుంది. లైట్లకు ఇచ్చిన జత మాత్రం రోజూ కాస్త ఎక్కువ ఖాళీ అవుతుంది. చార్జర్ చూసేది మొత్తం వోల్టేజీనే కాబట్టి, మిగతా ఆరు మోతాదు మించి నిండి ఆ లోటు వోల్టేజీని పూడ్చగానే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. ఆ జత సగం ఆకలితో ఉండిపోయి లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది, ఇక చార్జ్ సరిగా పట్టదు. మిగతా ఆరు అవసరానికి మించి ఉడికి నీళ్లు తాగేస్తాయి. రెడ్యూసర్ అయితే ఎనిమిదింటి నుంచీ సమానంగా తీసుకుంటుంది.

పాతకాలం వైరింగ్
26 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. లెక్కలు నాకూ వచ్చు. ఎల్‌ఈడీ లైట్లు రెండు, ఒక్కోటి 10 వాట్లు. రెండు ఆంపియర్లు కూడా లాగవు. రాత్రికి మూడు గంటలు వెలిగితే 5 ఆంపియర్ అవర్లు. కింద ఉన్న బ్యాటరీ కెపాసిటీ 200 పైన. ఇంతమాత్రానికే కొంపలు మునిగిపోతాయా? నెలకోసారి జత మారుస్తాను, ఈ నెల ఒకటీ రెండూ, వచ్చే నెల మూడూ నాలుగూ. పాపం, పెళ్లిళ్ల సీజన్ ముందు ఆయనకు లేని ఖర్చు ఎందుకు పెట్టిస్తారు?

రేణిగుంట రోడ్డు
మా వీధిలో ఈ-రిక్షాల వాళ్లు ఒక్క 12 వోల్టుల బ్యాటరీ నుంచే లాగేస్తున్నారు. తిరుగుతూనే ఉన్నాయి.

ఫ్యూజ్ ముఖ్యం
ఎటు చేసినా ఫ్యూజ్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కారు ఫ్యూజ్ తీసి నెత్తిన చూడండి, 32 వోల్టులు అని ఉంటుంది. దాన్ని 48 లైన్‌లో పెడితే, తీగ కరిగినా మధ్యలో నిప్పు సాగుతూనే ఉండొచ్చు. డీసీ కరెంటు అంత తేలిగ్గా తెగదు. 80 వోల్టుల రేటింగ్ ఉన్నదే అడిగి తీసుకోండి. బ్యాటరీ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఉండాలి.

కరెంట్ లెక్కలు
పాతకాలం అన్నా, హారన్, స్పీకర్, మొబైల్ చార్జర్ మీ లెక్కలోకి ఎందుకు రాలేదు? ఆ 5 కూడా అక్కడితో ఆగదు, రోజురోజుకీ పోగవుతుంది. దామలచెరువు దగ్గర మా మామిడితోటలో ఇలాంటి బండే ఉండేది. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక తోట చూసుకోవడానికి కొన్నాం. లైట్లకు చివరి జత నుంచి లాగారు. రెండో ఏడాది బండి గట్టు ఎక్కడం మానేసింది. రాత్రంతా చార్జ్ పెట్టి, తీసేసి, కొన్ని గంటలు ఆగి నేనే మీటర్ పెట్టి చూశాను. ఆరు బ్యాటరీలు 6.35 దగ్గర ఉన్నాయి. ఆ రెండు 6.05. గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూస్తే ఆరింటిలో 1.265, ఆ రెండింటిలో 1.180. మూత తీస్తే ఆరింటిలో నీళ్లు ప్లేట్ల దాకా దిగిపోయాయి. బ్యాటరీలు అమ్మినవాళ్లు ఆ రెండు లైట్ల వైర్లను చూసి, వారంటీ రాదు, తప్పు మీ వైరింగ్‌దే అన్నారు. పాతవాటి మధ్య కొత్తవి రెండు కలిపితే అవీ పాడవుతాయని ఎనిమిదీ మార్చాల్సి వచ్చింది. జత మారుస్తానని ఆ వైరింగ్ చేసినాయనా చెప్పాడు. మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు.

తిరుచానూరు మండపం
ఒక సందేహం. లైట్లకు ఒక జత, స్పీకర్‌కు ఇంకో జత తీస్తే భారం పంచినట్టు అవుతుంది కదా?

పాతకాలం వైరింగ్
వద్దు సామీ! ఆ పని మాత్రం చేయించొద్దు. కారులో లాగా బాడీయే నెగటివ్ అనుకుని హారన్ క్లాంపును చాసిస్‌కు బిగిస్తారు, స్పీకర్ డబ్బానూ దానికే బిగిస్తారు. రెండు జతల నెగటివ్‌లు ఒకటి కాదు, వాటి మధ్య 12 వోల్టులో 24 వోల్టులో తేడా ఉంటుంది. రెండూ ఇనుము మీద కలిశాయంటే షార్టే. ఒకచోట ఇలాగే చేసి, వైరు తోలు ఉడికి కారుతుంటే నన్ను పిలిచారు. సీటు ఎత్తేసరికి వైరు చివర బిగించే లగ్ ఎర్రగా ఉంది.

కరెంట్ లెక్కలు
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. రెడ్యూసర్ పెట్టినా అంతే, ప్రతి సామానుకూ నెగటివ్ వైరు విడిగా వెనక్కి రావాలి. చాసిస్‌ను వాడొద్దు. అన్నా, ఇంత తెలిసి మీరు ఇలా జత నుంచి లాగడాన్ని వెనకేసుకురావడం నాకు అర్థం కావడం లేదు. కరకంబాడిలో బ్యాటరీలు తయారయ్యే ఊరు మనది. ఆ బ్యాటరీని చంపే పని మనమే నేర్పితే ఎలా?

పాతకాలం వైరింగ్
చంపడం అనే మాట వాడొద్దు. నాలుగేళ్ల క్రితం చంద్రగిరి వైపు ఒకరి బండికి నేను రెడ్యూసర్ పెట్టాను. పెద్దలు చెప్పినట్టే పెట్టాను. ఒక రాత్రి అది లోపల షార్టయి 48 నేరుగా లైట్లలోకి వెళ్లింది. లైట్లు ఢామ్మని పోయాయి. బండి చీకట్లో చెట్ల మధ్య ఆగింది, వెనక సీట్లో ఒక ముసలమ్మ. రాత్రి పదకొండుకు స్కూటర్ వేసుకుని వెళ్లాను. విప్పి చూద్దామంటే డబ్బా నిండా నల్లటి గమ్ పోసి ఉంది, ఒక్క స్క్రూ లేదు. అందులో నేనేం బాగుచేయాలి? ఓనరు అందరి ముందూ నన్ను తిట్టాడు, కూలీ ఇవ్వలేదు. అమ్మినవాడిని ఎవరూ ఏమీ అనలేదు. రెండు వైర్లు, ఒక ఫ్యూజ్ అయితే చీకట్లో టార్చ్ పట్టుకుని పది నిమిషాల్లో వెలిగిస్తాను.

కరెంట్ లెక్కలు
అది నాసిరకం డబ్బా అయి ఉంటుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ విడిగా ఉండే ఐసోలేటెడ్ రకం తీసుకుంటే లోపల స్విచ్ పోయినా 48 అటు దాటదు. కానీ మీరు చెప్తున్నది ఇప్పుడు కరెంటు గురించి కాదు కదా అన్నా.

పాతకాలం వైరింగ్
కాదు. ఆ రాత్రి నిలబడింది నేను. నువ్వు పుస్తకం చూసి చెప్తావు, దెబ్బ పడేది చేతులు పెట్టినవాడికి.

కరెంట్ లెక్కలు
నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఎనిమిది బ్యాటరీల డబ్బు కట్టి చెప్తున్నాను. బ్యాటరీ పోవడానికి రెండేళ్లు పడుతుంది కాబట్టి వైరింగ్ చేసినాయనను ఎవరూ నిలదీయరు. లైటు పోతే ఆ రాత్రే మిమ్మల్ని పిలుస్తారు. అందుకే మీకు లైటు పెద్దది, మాకు బ్యాటరీ పెద్దది. మీకు కూలీ ఎగ్గొట్టడం మాత్రం అన్యాయం. అది నేనూ ఒప్పుకోను.

తిరుచానూరు మండపం
అన్నలారా, మీ మాటలు చదివి ఇప్పుడే సీటు ఎత్తాను. ఏడు, ఎనిమిది నంబర్ల దగ్గర తెగిన వైరు ముక్కలు ఉన్నాయి, నల్ల టేపు చుట్టి. పాత ఓనరు అక్కడి నుంచే లాగి, అమ్మేటప్పుడు పీకేసినట్టున్నాడు. మీటర్ పెట్టాను. మొదటి ఆరు 6.32 నుంచి 6.34. ఏడు 6.12, ఎనిమిది 6.10. చేతులు ఆడటం లేదు. కొన్నది పోయిన నెలే.

పాతకాలం వైరింగ్
టెన్షన్ పడొద్దు. 6.1 అంటే ఇంకా చావలేదు. నీళ్లు చూసి, ఆ రెండింటినీ 12 వోల్టుల చార్జర్‌కు విడిగా పెట్టు. ఓవర్‌నైట్ కాదు, గ్రావిటీ చూసుకుంటూ, అది పెరగడం ఆగేదాకా. తర్వాత ఒక రోజు వదిలేసి మళ్లీ మీటర్ పెట్టు. నిలబడితే బతికినట్టే. ఆ జత నుంచి మాత్రం ఇంక ఏదీ లాగొద్దు.

కరెంట్ లెక్కలు
అన్న చెప్పినట్టే చేయండి. రెడ్యూసర్ కొనేటప్పుడు ఇన్‌పుట్ 72 దాకా తట్టుకునేది చూడండి. చార్జ్ అయ్యేటప్పుడు ఈ ప్యాక్ 60 దగ్గరికి వెళ్తుంది. మీ సామాన్లకు అవుట్‌పుట్ 20 ఆంపియర్లు చాలు. పాజిటివ్ ఒకటో బ్యాటరీ నుంచి, నెగటివ్ ఎనిమిదో దాని నుంచి. తాళం తిప్పితేనే ఆన్ అయ్యేలా పెట్టించండి, లేకపోతే బండి ఊరికే ఉన్నా కొంచెం కొంచెం తాగుతుంది.

ఫ్యూజ్ ముఖ్యం
పాజిటివ్ దగ్గర 80 వోల్టుల ఫ్యూజ్. మర్చిపోవద్దు.

పాతకాలం వైరింగ్
నా మాట నేను వెనక్కి తీసుకోలేదు. రెడ్యూసర్ పెడితే రెండు కొను, ఒకటి సీటు కింద స్పేర్‌గా ఉంచు. వైర్లకు ప్లగ్ పెట్టించు, పెళ్లి మధ్యలో పోతే డ్రైవరే మార్చుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం వస్తాను, గ్రావిటీ చూసే గొట్టం నా దగ్గర ఉంది. మండపం గేటు ఏ వైపు?